బైపాస్ లైను

కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాద్ బండి కోసం నిలబడ్డారు మీరు. పొద్దుటి చలి ఇంకా పోలేదు. అవతలి లైన్లో బొగ్గు వ్యాగన్లు ఆగి ఉన్నాయి, లెక్కపెట్టడం మొదలుపెడితే మధ్యలోనే విసుగొచ్చేంత పొడుగున. షెడ్డు వైపు నుంచి ఇంజను గురక. మైకులో ఆడగొంతు మూడు భాషల్లో అదే సంగతి చెబుతోంది. ఆ మోతలోంచి మీ చెవిని ఇంకో చప్పుడు తాకుతుంది. ఘల్లు, ఘల్లు. ఆగి, మళ్లీ ఘల్లు.

తల తిప్పితే సిమెంటు బెంచీ మీద ఒక తల్లి, ఆమె ఒళ్లో ఆడపిల్ల. పిల్ల కాళ్లకు వెండి పట్టీలు. మామూలు పట్టీలకంటే మువ్వలు బాగా ఎక్కువ, ఒక దాని మీద ఒకటి ఒరుసుకునేంత. ఇంత చిన్న కాళ్లకు ఇన్ని మువ్వలేమిటా అనుకుంటారు మీరు. తొలి మనవరాలు కదా, ముచ్చటపడి వేయించి ఉంటారని మీకు మీరే సర్దిచెప్పుకుంటారు. ముచ్చటకు వేయించినవి కావవి.

పక్కన తాత. రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషని నిలబడే తీరే చెబుతోంది: బండి వచ్చే వైపు కాక సిగ్నల్ వైపు చూస్తున్నాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో లావుపాటి ఫైలు. ఎక్స్‌రేలు, ఎకో కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ. సమ్మరీ మీద ఇంగ్లిషులో ఒక వాక్యం ఉంది. దాన్ని తాత ఎవరెవరిచేతనో ఎన్నోసార్లు చదివించుకున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన శిశువు, ఇరవై ఏడు వారాలు, 880 గ్రాములు, పీడీఏ కట్టివేత.

పేర్లు అడక్కండి. ఈ ముగ్గురూ ఏదో ఒక్క ఇంటివాళ్లు కారు. ఇలాంటి ఫైలు చంకన పెట్టుకొని ఈ లైన్లో ప్రయాణాలు చేసే ఎన్నో ఇళ్లను కలిపితే తయారైన మనుషులు. కథ కలిపి అల్లిందే, అందులోని వైద్యం మాత్రం నిజం.

బండి వచ్చింది. ఎక్కండి. వాళ్ల ఎదుటి సీటు ఖాళీగానే ఉంది.

బండి కదలగానే తాత కిటికీలోంచి వెనక్కి చూపిస్తాడు. “ఢిల్లీ దిక్కు నుంచి మద్రాసు పొయ్యే బండ్లు మా కాజీపేటల ఆగయి సార్. జంక్షన్లకే రావు. అటునుంచి అటే బైపాస్ లైను మీద వరంగల్ పోతయి.” కాజీపేటవాళ్లకిది పాత కడుపుమంట. పేరుకు పెద్ద జంక్షను, పెద్ద బండ్లు మాత్రం పక్కనుంచి ఈల వేసుకుంటూ పోతాయి. మీరు తలూపుతారు. తాత ఆగడు. “కడుపులున్న పిల్లకు గూడ గట్లనే ఒక బైపాస్ లైను ఉంటదట. మా డాక్టరమ్మ కాయిదం మీద గీసి చూపిచ్చింది. నాకు గప్పుడు సమజైంది.”

ఆయనకు సమజైనంత బాగా నాకు తెలిసి ఏ కరపత్రమూ చెప్పలేదు. కడుపులోని బిడ్డ ఊపిరి పీల్చదు. ప్రాణవాయువు తల్లి మాయ నుంచి వస్తుంది. ఊపిరితిత్తులు నీళ్లతో నిండి ఉంటాయి, అక్కడికి రక్తం పోయి చేసే పనేమీ లేదు. అందుకే గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు పోవాల్సిన రక్తంలో చాలాభాగం ఒక పొట్టి నాళంలోంచి దాటి నేరుగా ఒంట్లోకి పోయే పెద్ద ధమనిలో కలిసిపోతుంది. జంక్షన్‌లోకి రాకుండా పోయే బండ్లన్నమాట. బిడ్డ పుట్టి మొదటి ఏడుపు ఏడవగానే జంక్షన్ తెరుచుకుంటుంది, బైపాస్‌తో ఇక పనిలేదు. నెలలు నిండిన బిడ్డలో ఆ నాళం రెండు మూడు రోజుల్లో దానంతటదే ముడుచుకుపోతుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డలో ముడుచుకునే కండే ఇంకా తయారై ఉండదు. లైను తెరిచే ఉంటుంది; పీడీఏ అంటే ఇదే. పైగా ఇప్పుడు ఒత్తిడి తారుమారు. ఒంట్లోకి పోవాల్సిన రక్తం వెనక్కి మళ్లి ఊపిరితిత్తుల మీద పడుతుంది.

“అటువోవాల్సిన బండ్లన్నీ ఎన్కకొచ్చి యార్డు నిండిపోయింది,” అంటాడు తాత. “ఇటు పేగులకు, కిడ్నీలకు పొయ్యేటియి పోతలెవ్వు.”

ఘన్‌పూర్‌లో ఒక అవ్వ ఎక్కింది. కూరగాయల బుట్ట కాళ్ల కింద పెట్టుకుని, పిల్ల బుగ్గ పుణికి, ఎవరైనా అడిగేదే అడిగింది.

“ఎన్నో నెల బిడ్డా?”

“పదిహేను.”

“పదిహేనా? ఇంక నిలబడుతలేదా?”

తల్లి ముఖం చూడండి. కోపం లేదు, అలవాటైపోయిన జవాబొకటి ఉంది. “నెలలు నిండక పుట్టిందవ్వా. పుట్టాల్సిన దినం కెల్లి లెక్కవెడితే పన్నెండే.” డాక్టర్లు వాడే లెక్క ఇది. పదమూడు వారాలు ముందు పుట్టిన పిల్ల వయసులోంచి ఆ మూడు నెలలు తీసేసి, అప్పుడే నడకనూ మాటనూ తూచాలి. రెండేళ్లు వచ్చేదాకా ఈ తీసివేత నడుస్తుంది. ఇంట్లో క్యాలెండరుకు, చుట్టాలకు, అంగన్‌వాడీ రిజిస్టరుకు అది ఎక్కదు.

“ఏడో నెల పిల్ల బతుకుతది గని ఎనిమిదో నెల పిల్ల బతకదంటరు,” అని అవ్వ తన వంతు ధైర్యం చెప్పింది. మన ఊళ్లలో ఈ మాట వినని ఇల్లుండదు. ఇది తప్పు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డకు ఒక్కో మెట్టు. ఎనిమిదో నెల బిడ్డకే బలమెక్కువ. కానీ 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది పుట్టలేదు. అంతమంది తల్లులకు ఏదో ఒక ధైర్యపు మాట కావాలి కదా, అందుకే ఆ సామెత చావదు.

జనగామ దాటుతోంది. పట్టాల చప్పుడు మీద తల్లి గొంతు కాస్త తగ్గింది. “గీ రోడ్డు మీదికెల్లే తీస్కపోయిన్రు.”

రైలుతో పోటీగా సాగే వరంగల్–హైదరాబాద్ హైవే గురించే ఆమె అంటున్నది. పదిహేను నెలల కిందటి ఆ రాత్రిలోకి ఒక్కసారి వెళ్లండి. కాన్పుకు ముందు బీపీ పెరిగి, హన్మకొండలో కడుపు కోసి తీసిన పిల్ల అంబులెన్సులో, అద్దాల పెట్టెలో ఉంది. ఊపిరి గొట్టం నోట్లో. తండ్రి ముందు సీట్లో డ్రైవరు పక్కన. తాత వెనక, నర్సు ఎదురుగా, మోకాళ్లు దగ్గరికి ముడుచుకొని. ఆయన చూపు పిల్ల మీద లేదు, పిల్ల కాలికి చుట్టిన, నాడి చూపే ఎర్రదీపం మీద. వేలెడంత పాదం. ఆ దీపం ఎరుపు పాదం అవతలి వైపుకూ కనిపిస్తోంది. పెండ్యాల, ఘన్‌పూర్, జనగామ, ఆలేరు. ఉద్యోగంలో వేలసార్లు దాటిన పేర్లే. ఆ రాత్రి ఒక్కో బోర్డు రావడానికి ఒక్కో యుగం పట్టింది. తల్లి లేదు, కుట్లతో మంచం మీదే ఉండిపోయింది. ఆమె పిల్లను మళ్లీ చూసింది తొమ్మిదో రోజున.

హైదరాబాద్‌లో మందులతో మొదలుపెట్టారు. నాళం ముడుచుకునేలా చేసే మందులు మూడున్నాయి. 1976లో ఇండోమెథసిన్ పనిచేస్తుందని తేలింది, తర్వాత ఇబుప్రోఫెన్ వచ్చింది. మూడోది వింటే మీరు నమ్మరు, జ్వరానికి ఇంట్లో వాడే పారాసిటమాల్. వేరే మందులు ఇవ్వడానికి వీల్లేని పిల్లలకు పారాసిటమాల్ ఇస్తే నాళం మూసుకుపోయిందని 2011లో జెరూసలెం డాక్టర్లు రాసినప్పుడు, దాన్ని ఆశ్చర్యం అనే మాటతోనే అచ్చేశారు. ఈ పిల్లకు రెండు విడతల మందు పడింది. నాళం మూసుకోలేదు. వెంటిలేటర్ దించబోతే నీలమెక్కేది. ఇరవై మూడో రోజున సంతకం అడిగారు.

కాగితం తండ్రి ముందు పెట్టారు. తండ్రి కాగితాన్ని తాత ముందుకు జరిపాడు. తాత పెన్ను తీసుకుని అడిగిన ప్రశ్న ఒక్కటే: “చేసినంక మంచిగైతదా?” డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేదట. ఆ కాస్త మౌనాన్నే తాత ఈనాటికీ మెచ్చుకుంటాడు.

ఇప్పుడు ఆ గదిలో నిలబడండి. ఇలాంటి పిల్లల్ని చాలాచోట్ల ఆపరేషన్ థియేటర్‌కు మోసుకుపోరు. కదిపితేనే ప్రమాదం కాబట్టి థియేటరే మంచం దగ్గరికి వస్తుంది. ఏసీ కట్టేశారు, పిల్ల చల్లబడకూడదు. గౌన్ల లోపల అందరికీ చెమట. పిల్లను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఎడమ చంక కింద, బొటనవేలు పొడుగు కూడా లేని కోత. కళ్లకు భూతద్దాలు పెట్టుకున్న సర్జన్ పక్కటెముకల మధ్య నుంచి లోపలికి చూస్తున్నాడు. ఆ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే ఎనభై మిల్లీలీటర్ల చిల్లర, ఇరానీ హోటల్ చాయ్ గ్లాసు నిండదు. రెండు చెంచాలు పోతే ఎనిమిదో వంతు పోయినట్టే.

తడిగుడ్డతో ఊపిరితిత్తిని మెల్లగా పక్కకు ఒత్తారు. మానిటర్ మీద అంకెలు పడిపోతున్నాయి. “ఆగండి,” అంటాడు మత్తు డాక్టర్. వదిలేశారు. అంకెలు లేచాయి. మళ్లీ ఒత్తారు. నాళం కనిపించింది. చిక్కేమిటంటే ఈ వయసులో అది పెద్ద ధమనంత లావుంటుంది, ఒక్కోసారి అంతకంటే లావు. ఏది ఏదో కంటికి పోల్చుకోవడం కష్టం. పొరపాటున వేరేదాన్ని కట్టిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. అందుకే ముందు పట్టకారుతో ఊరికే నొక్కి చూస్తారు. నొక్కినప్పుడు పాదానికి చుట్టిన ఆ ఎర్రదీపం నాడి చూపిస్తూనే ఉంటే పట్టుకున్నది పెద్ద ధమనిని కాదన్నట్టు. గదిలో అందరూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి పాదం వైపు చూస్తారు. దీపం కొట్టుకుంటూనే ఉంది.

క్లిప్పు పడింది. ఏ చప్పుడూ లేదు. బీపీలో కింది అంకె అప్పటికప్పుడే పైకి లేచింది.

ఈ నాళాన్ని మొట్టమొదట విజయవంతంగా కట్టినది రాబర్ట్ గ్రాస్, 1938 ఆగస్టులో, బోస్టన్‌లో, తన పెద్ద డాక్టరు సెలవులో ఊళ్లో లేనప్పుడు. ఆ పిల్లకు ఏడున్నరేళ్లు. 1963కల్లా 1,417 గ్రాముల పసికందుకు చేసిన ఆపరేషన్ అమెరికా వైద్యపత్రికకెక్కింది. అక్కడినుంచి కిలో లోపలికి దిగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కానీ ఇందులో చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన ముక్క ఒకటుంది. పసికందులకు నొప్పి తెలియదని, మత్తును తట్టుకోలేరని చాలాకాలం నమ్మారు. 1985లో వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బాబుకు, కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు లేకుండా ఇదే కోత కోశారు. బాబు కొన్ని వారాలకు చనిపోయాడు. సంగతి తర్వాత తెలుసుకున్న తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు, లోకానికి చెప్పింది. అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ సరిగ్గా ఈ ఆపరేషన్ మీదే పరీక్ష చేశాడు. పదహారు మంది పిల్లలు. ఎనిమిది మందికి అప్పటి అలవాటు ప్రకారం తేలికపాటి మత్తు, ఎనిమిది మందికి దానికి తోడు ఫెంటనిల్ అనే నొప్పి మందు. ఫెంటనిల్ ఇచ్చిన పిల్లల ఒళ్లు తక్కువ తల్లడిల్లింది, ఆపరేషన్ తర్వాత చిక్కులూ తగ్గాయి. 1987లో అది అచ్చయింది. ఆనంద్ డాక్టరీ చదివింది ఇండోర్ ఎంజీఎం కాలేజీలో.

క్లిప్పు పడ్డ తర్వాత అరగంటకు సర్జన్ బయటికి వచ్చి “బాగైంది” అన్నాడు. తాత అరుగు మీద కూలబడ్డాడు. కానీ లోపల నర్సు మాత్రం మంచం వదల్లేదు. యార్డు మీద పడే భారం ఒక్కసారిగా ఆగిపోతే ఆ చిన్న గుండె తడబడుతుంది. ఆరు నుంచి పన్నెండు గంటల లోపు బీపీ కుప్పకూలవచ్చు. ఆ రాత్రి రెండింటికి కూలింది కూడా. మందులెక్కించారు, తెల్లారేసరికి నిలబడింది. ఆ రాత్రి లోపలేం జరిగిందో బయట అరుగు మీదివాళ్లకు తెలియదు. వాళ్లది ఖర్చుల లెక్క. తెలంగాణలో ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆ కార్డు కోతకు వస్తుంది, మంచానికి వస్తుంది. అరుగు మీద పరుచుకున్న దుప్పటికి, రోజుకు మూడు పూటల హోటలు తిండికి, మానేసిన కూలికి రాదు.

భువనగిరి గుట్ట కిటికీలో నిండుగా కనిపిస్తోంది. పిల్ల దాన్ని చూసి కాళ్లాడించింది. ఘల్లు, ఘల్లు.

“గివి ఎందుకు కట్టిన్నో తెలుసా అన్నా?” అంటుంది తల్లి మీతో. గొట్టం తీసిన రోజు పిల్ల నోరు తెరిచింది, ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చప్పుడు రాలేదు. ఏడుస్తోంది, వినపడదు. గాలి మాత్రం తుస్సుమని వస్తుంది. స్వరపేటికకు పోయే ఎడమ నరం ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా ఈ నాళం కిందనుంచే వంపు తీసుకుని గొంతులోకి లేస్తుంది. దారంకంటే సన్నం. సర్జన్ ఎంత నేర్పరి అయినా ఒక్కోసారి అది ఒత్తిడికో, లాగుడుకో దెబ్బతింటుంది. పిల్ల ఎంత చిన్నదైతే అంత ఎక్కువ. ఎంతమందికి ఇలా అవుతుందన్నది ఎలా వెతికారన్నదాన్ని బట్టి మారుతుంది. ఏడుపు విని చెప్పినచోట లెక్క తక్కువ. అందరి గొంతులోకీ కెమెరా గొట్టం వేసి చూసినచోట చాలా ఎక్కువ.

ఇంటికొచ్చాక తల్లికి నిద్ర లేదు. పిల్ల ఆకలికి ఏడ్చినా, పక్కతడిపి ఏడ్చినా చీకట్లో తెలియదు. పక్కమీద చెయ్యేసి పడుకునేది. ఒకనాడు తానే తెలివి చేసింది. ఏడిస్తే పిల్ల కాళ్లు తన్నుతుంది కదా. పుట్టింటివాళ్లు పెట్టిన పట్టీలు తీసుకెళ్లి హన్మకొండ చౌరస్తాలో కంసాలికిచ్చి, “మువ్వలు నిండ ఎయ్యి” అంది. ఆ రాత్రి నుంచి పిల్ల ఏడుపు కాళ్లలోంచి వినపడింది.

పాలు ఇంకో గోస. మూతపడని స్వరపేటికలోంచి పాలు ఊపిరి గొట్టంలోకి జారితే న్యుమోనియా. సంచీలోంచి తాత ఉగ్గుగిన్నె తీసి చూపిస్తాడు. అరచేతిలో ఇమిడే స్టీలు గిన్నె, పిట్టముక్కులాంటి మూతి, మూతి దగ్గర పిల్ల పళ్లు పడ్డ గీతలు. ఆ ముక్కును కింది పెదవి మీద ఆనించి, తలను కాస్త పక్కకు వాల్చి, ఒక్కో గుక్కకు ఆగి, గొంతు కదిలిందా లేదా చూసి, మళ్లీ ఒంచాలి. యాభై మిల్లీలీటర్లకు ముప్పావుగంట. రోజుకు ఎనిమిదిసార్లు. ఇది ఏ బిల్లులోనూ ఉండదు, ఏ ఆపరేషన్ ఫలితాల పట్టికలోనూ ఉండదు. పిల్ల కిలోన్నర నుంచి ఏడు కిలోల మీదికి వచ్చింది మాత్రం ఈ ముక్కులోంచే.

ఘట్‌కేసర్ దాటాం. మీరు కడుపులో దాచుకున్న ప్రశ్న తాతే అడిగేస్తాడు. “ఆపరేషన్ చెయ్యకపోతే ఏమయ్యేదో సార్?”

డాక్టర్లూ ఇదే అడుగుతున్నారు. 2007లో కబ్రా అనే డాక్టరు బృందం కిలోలోపు పిల్లల్ని ఏడాదిన్నర వయసులో చూసింది. నాళం కట్టించుకుని బతికినవాళ్లలో 53 శాతం మందికి నరాలు, చూపు, వినికిడి, తెలివి వీటిలో ఏదో ఒక లోపం. మందులతో సరిపెట్టినవాళ్లలో 34 శాతం. ఇది చూసి తప్పంతా కత్తిదేనని తేల్చినవాళ్లున్నారు. నాకు అంత తొందర లేదు. కోతకు పంపినవాళ్లు ముందునుంచే జబ్బు ముదిరినవాళ్లు. వాళ్లను తేలిక కేసులతో తూచితే తక్కెడ ఎటు వంగుతుందో చెప్పక్కర్లేదు. కానీ అనుమానం పుట్టింది, ఊరికే పోలేదు. 2023లో నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్ డాక్టర్లు ఇరవై ఎనిమిది వారాలు నిండని 273 మందిని తీసుకుని, కొందరికి వెంటనే ఇబుప్రోఫెన్ ఇచ్చారు, కొందరి విషయంలో చేతులు కట్టుకుని కనిపెట్టుకుని ఉన్నారు. మరణం, పేగుల కుళ్లు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, ఈ మూడింట్లో ఏదో ఒకటి మందు ఇచ్చినవాళ్లలో 63.5 శాతానికి వస్తే, ఊరికే ఉన్నవాళ్లలో 46.3 శాతానికే వచ్చింది. పోనుపోను నాళాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. మూసుకోక ప్రాణం మీదికి తెస్తే కోతకు ముందు ఇంకో దారి వచ్చింది. 2019లో అమెరికా 700 గ్రాముల పిల్లకు సైతం అనుమతించిన బిళ్ల ఒకటుంది. బఠాణీ గింజకంటే చిన్నది. తొడలోని సిరలోంచి తీగమీద పంపి నాళంలో బిగిస్తారు. పిల్లల గుండెలో ఇలా తీగమీద బిళ్లలు బిగించే విద్యలో మనవాళ్లూ వెనకబడి లేరు. గుండె గోడల మధ్య రంధ్రానికి చాలా దేశాల్లో వాడే కోనార్ అనే బిళ్ల పేరు హైదరాబాద్ డాక్టరు కోనేటి నాగేశ్వరరావు పేరులోంచే వచ్చింది.

ఇదంతా తాతకు ఎలా చెప్పాలి? ఆ ఇరవై మూడో రోజున, ఆ మంచం మీద, ఉన్న దారి అదొక్కటే. ఆగితే మిగిలేదా అన్నది ఆ పిల్ల విషయంలో ఎవరూ తేల్చలేరు. మీరేమీ అనరు. తాత కూడా జవాబు కోసం ఆగలేదు, మౌలాలీ సిగ్నల్ వైపు తొంగి చూస్తున్నాడు. బండి ఔటర్లో ఆగింది.

చాయ్ డబ్బా మోసుకుంటూ ఒకతను పెట్టెలోకి వచ్చాడు. పిల్ల డబ్బా మీద మెరిసే మూత కోసం చెయ్యి చాచింది. అతను చూడకుండా వెళ్లిపోయాడు. పిల్ల నోరు తెరిచింది.

వచ్చింది. బొంగురుగా, చెక్కను గరుకు కాయితంతో రుద్దినట్టు, కానీ గట్టిగా. దెబ్బతిన్న ఎడమ తంతువు కోలుకుందో, కుడిదే అవతలికి సాగి కప్పడం నేర్చుకుందో ఇవాళ గొట్టం వేసి చూస్తారు. పెట్టె అంతా మారుమోగింది. పై బెర్తులో నిద్రపోతున్న కుర్రాడు లేచి కూర్చున్నాడు. అవ్వ బుట్టలోంచి ఒక టమాటా తీసి పిల్ల ముందు ఆడించి, “ఊకోవెట్టు బిడ్డా, గొంతు పోతది,” అంది.

తల్లి పిల్లను ఎత్తుకోలేదు, జోకొట్టలేదు. ఫైలు ఒళ్లో సర్దుకుంది.

“ఏడ్వనియ్యవ్వా,” అంది. “జరసేపు ఏడ్వనియ్యి.”